బాక్స్‌స్టర్ పనుల లాగ్: పత్తి తీసినా దిగని వేడి

రేడియేటర్ల ముందు పేరుకున్న పత్తి తీసినా ఇంజిన్ వేడి దిగలేదు. ఫ్యాన్ రెసిస్టర్ మార్చినా దిగలేదు. ఇంజిన్‌ను చల్లార్చే కూలెంట్ మొత్తం దించి, వాక్యూమ్ పెట్టి బుడగ లేకుండా నింపినా అంతే. బయట 41 డిగ్రీల ఎండ, ఏసీ ఆన్, నల్లగొండ గడియారం సెంటర్‌లో ముందు ఆటోలు, వెనుక ఆటోలు. అట్లా ఇరుక్కుంటే చాలు, కూలెంట్ 103 దాటి ఇంకా పైకే. ఇన్నాళ్లకు అసలు కారణం దొరికింది. దొరికాక నవ్వాలో తల బాదుకోవాలో తెలియని కారణం అది.

కారు సంగతి రెండు ముక్కల్లో: 2007 పోర్షే బాక్స్‌స్టర్, 987 మోడల్, 2.7 లీటర్ల ఇంజిన్, 5 గేర్ల మాన్యువల్, సెకండ్ హ్యాండ్. ఇంజిన్ సీట్ల వెనుక, రేడియేటర్లు ముందు బంపర్ రెండు మూలల్లో. ఒక్కో రేడియేటర్ ముందు ఒక ఏసీ కండెన్సర్ (ఏసీ గ్యాస్‌ను చల్లార్చేది), వెనుక ఒక ఫ్యాన్. మధ్యలో ఉండే మూడో రేడియేటర్ ఈ కారుకు లేదు. అంటే రెండింట్లో ఒకటి సరిగా పనిచేయకపోతే సగం కూలింగ్ పోయినట్టే.

మొదట లెక్కలు. డ్యాష్‌బోర్డులో ముల్లు 80 దగ్గర హాయిగా కూర్చుంటుంది, దాన్ని నమ్ముకుంటే అంతే సంగతులు. ఇక్కడ రాసిన కూలెంట్ అంకెలన్నీ ఓబీడీలో (కారు కంప్యూటర్‌కు తగిలించే స్కానర్) చూసినవే. ఎన్‌హెచ్ 65 మీద నార్కట్‌పల్లి దాటాక ఐదో గేర్‌లో 90 స్పీడ్, ఏసీ ఆన్: 88 నుంచి 90. ఏ ఇబ్బందీ లేదు. నిలబెట్టి ఏసీ ఆఫ్: 101 దాకా ఎక్కి, ఫ్యాన్ ఫుల్ స్పీడ్ అందుకోగానే 96కి దిగి, మళ్లీ ఎక్కుతూ దిగుతూ. నిలబెట్టి ఏసీ ఆన్: పన్నెండు నిమిషాల్లో 108, ఆగే సూచన లేదు. అదే సమయంలో ఏసీ గేజ్ పెడితే హై సైడ్ (కండెన్సర్ వైపు గ్యాస్ ప్రెషర్) 24 బార్. వెంట్ నుంచి వచ్చే గాలి 8 డిగ్రీల నుంచి 17కి పోయింది.

ఈ చివరి రెండు అంకెలే అసలు ఆధారం. కూలెంట్ వేడెక్కడానికి నీళ్ల వైపు లోపం ఉండొచ్చు, గాలి వైపు లోపం ఉండొచ్చు. కానీ వాటర్ పంపు అరిగితేనో థర్మోస్టాట్ (కూలెంట్‌ను రేడియేటర్‌కు వదిలే వాల్వ్) ఇరుక్కుంటేనో ఏసీ ప్రెషర్ ఇంతగా ఎందుకు పెరగాలి? కూలెంటూ గ్యాసూ రెండూ ఒకేసారి చల్లారడం మానేశాయంటే రెండింటికీ ఉమ్మడిగా ఉన్నది గాలి ఒక్కటే. ఈ లెక్క ముందే తట్టినా, అందరూ చెప్పే పనులు ఒక్కొక్కటే దాటుకుంటూ రావాల్సి వచ్చింది.

పత్తి నుంచి మొదలు. మన జిల్లాలో చలికాలమంతా జిన్నింగ్ మిల్లుల దారుల్లో పట్టా సరిగా కట్టని ట్రాక్టర్లు, లారీలే. రోడ్డు పక్క తుమ్మ చెట్లన్నీ తెల్లగా కనిపిస్తాయి. యాసంగి కోతలొస్తే సగం రోడ్డు మీద వడ్లు ఆరబోసి ఉంటాయి, పొట్టూ తాలూ అక్కడే ఎగురుతుంటుంది. బాక్స్‌స్టర్ గాలి తీసుకునే నోళ్లు రెండూ రోడ్డుకు జానెడు ఎత్తులో, జల్లెడ లేకుండా తెరుచుకుని ఉంటాయి. ఇక చెప్పేదేముంది. బంపర్ ఊడదీసి ముందు నుంచి చూస్తే కండెన్సర్ మీద కాస్త దుమ్ము తప్ప ఏమీ లేదు. మోసం అంతా దాని వెనకే. కండెన్సర్‌కూ రేడియేటర్‌కూ మధ్య వేలెడు సందు ఉంటుంది. పత్తి, పొట్టు, పురుగుల రెక్కలు, ఎర్రమట్టి కలిసి అక్కడ 7 మిల్లీమీటర్ల మందాన పరుపులా పరుచుకుని ఉంది. కుడివైపు తీసి తూకం వేస్తే 140 గ్రాములు, ఎడమవైపు 90.

తీసే పద్ధతి గురించి ఒక మాట. కండెన్సర్ టార్క్స్ స్క్రూలు విప్పి, ఏసీ పైపులు ఊడదీయకుండానే మూడు నాలుగు సెంటీమీటర్లు ముందుకు వంచితే చాలు, గ్యాస్ వదలాల్సిన పని లేదు. అంతకు మించి లాగితే అల్యూమినియం పైపు మెడ దగ్గర చిట్లుతుంది. ముందు పొడిగా ఉండగానే మెత్తటి బ్రష్‌తో, వాక్యూమ్ క్లీనర్‌తో లాగేయాలి. నీళ్లు కొట్టారంటే పత్తి ముద్దయి ఫిన్‌ల (రేడియేటర్ సన్న రేకుల) సందుల్లోకి దిగుతుంది, ఆ తర్వాత సూదితో ఏరుకోవాలి. కంప్రెసర్ గాలి కొడితే ఫ్యాన్ వైపు నుంచి ముందుకు కొట్టాలి, ముందు నుంచి వెనక్కి కాదు. కార్ వాష్ ప్రెషర్ గన్ అసలే వద్దు, ఒక్క దెబ్బకు ఫిన్‌లన్నీ పడుకుంటాయి.

ఇంతా చేస్తే హైవే మీద 86కు దిగింది. నిలబెట్టి ఏసీ వేస్తే 105. మూడు డిగ్రీలు!

తర్వాత ఫ్యాన్లు. ఈ కార్లలో ఏసీ వేయగానే రెండు ఫ్యాన్లూ లో స్పీడ్‌లో తిరగాలి. కుడిది కదల్లేదు. హై స్పీడ్‌లో మాత్రం తిరుగుతోంది. ఇది పాత బాక్స్‌స్టర్ వాళ్లకు కంఠతా వచ్చిన జబ్బు. లో స్పీడ్ కరెంటు ఒక రెసిస్టర్ గుండా పోతుంది, అది తుప్పు పట్టి తెగిపోతుంది. మీటర్ పెడితే ఓపెన్. పైగా లో స్పీడ్ పోయిన సంగతే తెలియదు, వేడి బాగా ముదిరాక హై స్పీడ్ అందుకుంటుంది కాబట్టి. దాని బదులు హైదరాబాద్ ఎలక్ట్రానిక్స్ షాపుల్లో దొరికే బంగారు రంగు అల్యూమినియం రెసిస్టర్లు బిగించేవాళ్లు ఉన్నారు. వాటికి పెద్ద హీట్ సింక్ కావాలి, లేకుంటే ఒక్క ఎండాకాలం కూడా ఆగవు. దీనికి మాత్రం అసలు పార్టే తెప్పించాం. మార్చాక 103. మళ్లీ రెండే డిగ్రీలు.

ఇక్కడే సలహాలు మొదలవుతాయి. మొదటిది "థర్మోస్టాట్ పీకేయండి సార్, మన ఎండకు అదెందుకు" అనేది. ఈ ఇంజిన్‌లో థర్మోస్టాట్ తెరుచుకునేటప్పుడే బైపాస్ దారిని మూస్తుంది. పీకేస్తే బైపాస్ ఎప్పుడూ తెరిచే ఉంటుంది, కొంత కూలెంట్ రేడియేటర్ మొహం చూడకుండానే ఇంజిన్‌లో తిరుగుతుంది. వేడి తగ్గడం కాదు, పెరుగుతుంది. గిన్నెలో నీళ్లు మరిగించి చూస్తే ఉన్నది 83 దగ్గర కదలడం మొదలుపెట్టింది, ఆ తర్వాత పూర్తిగా తెరుచుకుంది. దానికేం రోగం లేదు. 71 డిగ్రీలకే తెరుచుకునే థర్మోస్టాట్ బయట మార్కెట్లో దొరుకుతుంది, మంచిదే కావచ్చు. కానీ గాలి తగలని రేడియేటర్‌కు అదేం ఉపకారం చేస్తుంది?

రెండోది "లోపల బోరు నీళ్ల గార పట్టి ఉంటుంది" అనేది. ఇది కొట్టిపారేసే మాట కాదు. నల్లగొండ నీళ్లంటే అందరికీ ఫ్లోరైడే గుర్తొస్తుంది గానీ, రేడియేటర్ పైపుల్లో గార కట్టేది కాల్షియం, మెగ్నీషియం. టాపప్ పేరుతో బోరు నీళ్లు పోస్తూ పోతే ఎంత మంచి కూలెంటైనా వృథా. నింపేది కూలెంట్ కాన్సంట్రేట్, డిస్టిల్డ్ వాటర్ చెరి సగం, అంతే. లీకు ఆపే పౌడర్లు పోసేవాళ్లకు దండం, అవి లీకుతో పాటు సన్న పైపులనూ ఆపేస్తాయి.

గార ఉందో లేదో తేల్చడానికి ఇన్‌ఫ్రారెడ్ గన్ తీశాం. ఏసీ ఆన్, ఇంజిన్ ఐడిల్, కూలెంట్ 103 దగ్గర ఉండగా కుడి రేడియేటర్‌లోకి వెళ్లే గొట్టం 101, బయటికొచ్చేది 84. ఎడమది లోపలికి 101, బయటికి 96. అంటే కుడిది 17 డిగ్రీలు దించుతోంది, ఎడమది 5. చూడగానే ఎడమ రేడియేటర్ లోపల పూడుకుపోయిందనే అనిపిస్తుంది. కానీ పూడుకుపోతే నీళ్లు నెమ్మదిగా పారతాయి, నెమ్మదిగా పారిన నీళ్లు ఇంకా ఎక్కువ చల్లారి బయటికి రావాలి. రేడియేటర్ మీద అక్కడక్కడా చల్లటి పట్టీలు కనిపించాలి. ఇక్కడ ఎడమది మూల నుంచి మూలకు ఒకే తీరుగా వేడిగా ఉంది. నీళ్లు బ్రహ్మాండంగా పారుతున్నాయి, గాలే తగలడం లేదు.

కానీ ఎడమ ఫ్యాన్ తిరుగుతోంది! లో స్పీడ్‌లోనూ, హై స్పీడ్‌లోనూ. చప్పుడూ బాగానే ఉంది. క్లాంప్ మీటర్ పెడితే హై స్పీడ్‌లో కుడిది 18.6 ఆంపియర్లు, ఎడమది 14.2. తక్కువ కరెంటు అంటే తక్కువ పని, మరి బ్రష్‌లు అరిగాయా? నేరుగా బ్యాటరీ నుంచి ఇచ్చినా అదే 14. షాఫ్ట్‌కు ఆట లేదు. ఒక రెక్కైనా విరగలేదు.

అప్పుడు టిష్యూ కాగితం చింపి రెండు నోళ్ల ముందూ పట్టి చూస్తే, కుడివైపు కాగితం లోపలికి పీల్చుకుని కండెన్సర్‌కు అతుక్కుంది. ఎడమవైపు కాగితం చేతిలోంచి బయటికి ఎగిరింది. మళ్లీ పట్టినా మళ్లీ బయటికే. ఫ్యాన్ ఉల్టా తిరుగుతోంది. గాలిని లోపలికి లాగడం మాని, రేడియేటర్ వేడినంతా కండెన్సర్ గుండా ముందుకు తోస్తోంది. ఎడమ కండెన్సర్ ముందు థర్మామీటర్ పెడితే 61 డిగ్రీలు. 24 బార్ ఏసీ ప్రెషర్ ఎక్కడి నుంచి వచ్చిందో అర్థమైపోయింది. హైవే మీద మాత్రం 90 స్పీడ్ ఎదురుగాలి ముందు ఆ ఫ్యాన్ బలం చాలదు, గాలి ఎట్లాగూ లోపలికే వస్తుంది. అందుకే పరిగెత్తినంతసేపు అంతా బాగుంటుంది, ఆగితేనే గొడవ.

వీల్ ఆర్చ్ లైనర్ తీసి వైరింగ్ చూస్తే కథ మొత్తం బయటపడింది. ఎప్పుడో ఎవరో ఫ్యాన్ 'డైరెక్ట్' చేశారు, అంటే కంపెనీ వైరింగ్ పక్కనపెట్టి నేరుగా కరెంటు ఇచ్చారు. అసలు కనెక్టర్ కోసేసి, వైర్లు మెలేసి, నల్ల టేపు చుట్టారు. తర్వాత ఇంకెవరో ఆ డైరెక్ట్ తీసేసి మళ్లీ కంపెనీ వైరింగ్‌కు కలిపినప్పుడు రెండు వైర్లు తారుమారయ్యాయి. జర్మన్ కార్లలో ఎర్త్ వైర్ గోధుమ రంగు, నలుపు కాదు. నలుపే ఎర్త్ అనుకుంటే సరిగ్గా ఇదే జరుగుతుంది. డీసీ మోటార్ కాబట్టి ఫ్యూజ్ పోదు, పొగ రాదు, ఎర్రర్ కోడ్ రాదు. బుద్ధిగా వెనక్కి తిరుగుతుంది. కొత్తగా క్రింప్ చేసి, జిగురు ఉన్న హీట్ ష్రింక్ వేసి, గోధుమ రంగును గోధుమ రంగుకే కలిపాం.

ఆ తర్వాత అంకెలు: ఏసీ ఆన్, నిలబెట్టి ఇరవై నిమిషాలు, బయట 41. కూలెంట్ 96, 98 మధ్యే ఆడుతోంది. ఎడమ గొట్టం బయటికి 86. హై సైడ్ 16.5 బార్. వెంట్ 9 డిగ్రీలు. హై స్పీడ్‌లో ఎడమ ఫ్యాన్ 18.1 ఆంపియర్లు. కుడికీ ఎడమకీ ఇంకా రెండు డిగ్రీల తేడా ఉంది. ఎడమ కింది మూలలో వంగిన ఫిన్‌ల వల్ల అని అనుమానం, దువ్వెన పట్టాలి.

మిగతా పనులన్నీ అయిపోయాయి: మోతుల్ 5డబ్ల్యూ-40 ఆయిల్, ఫిల్టర్, ప్లగ్‌లు 30 న్యూటన్ మీటర్లకు, బ్రేక్ ఫ్లూయిడ్. ఫిల్టర్ కోసి మడతలు విప్పి చూస్తే లోహపు రజను లేదు. ఐఎంఎస్ బేరింగ్ (ఇంజిన్ లోపలి ఇంటర్మీడియట్ షాఫ్ట్ బేరింగ్) పోతుందేమోనని భయపడేవాళ్లకు ఇదే జవాబు. 2007 ఇంజిన్‌లో ఉన్నది పెద్ద బేరింగ్, ఇంజిన్ విడదీయకుండా బయటికి రాదు కూడా. ప్రతి ఆయిల్ మార్పుకూ ఫిల్టర్ కోసి చూడటం, క్లచ్ పని వచ్చినప్పుడు దాని బయటి సీల్ తీసేయించడం, అంతకు మించి చేయగలిగేదేమీ లేదు.

ఇక పత్తి మళ్లీ రాకుండా జాలీ. దోమతెర జాలీ బిగించినవాళ్లు ఉన్నారు, అది తప్పు. రంధ్రాలు మరీ సన్నవి కాబట్టి గాలికి అడ్డం పడుతుంది, దుమ్ముకు త్వరగా మూసుకుపోతుంది కూడా. 4 మిల్లీమీటర్ల రంధ్రాలున్న అల్యూమినియం జాలీ తీసుకుని, నల్ల పౌడర్ కోటింగ్ వేయించి, నోళ్ల లోపలి అంచుకు జిప్ టైలతో కట్టాలని ప్లాన్. పొట్టు కొంత దూరుతుంది, దూరనీ. పత్తి జాలీ మీదే ఆగితే చేత్తో లాగేయొచ్చు. జాలీకి ముందూ తర్వాతా ఇవే అంకెలు మళ్లీ తీయాలి. రెండు డిగ్రీల కంటే ఎక్కువ పెరిగితే 6 మిల్లీమీటర్లకు మారడమే.

వానలకు ముందు ఇంకొక పని మిగిలింది: టాప్ డ్రెయిన్లు. మడత టాప్ పక్కన రెండు వైపులా నీళ్లు కిందికి పోయే గొట్టాలుంటాయి. వేప చెట్టు కింద పార్క్ చేస్తే అవి ఆకులతో మూసుకుపోతాయి, నీళ్లు కార్పెట్ కిందికి చేరతాయి, అక్కడి నుంచి సీటు కింది ఎలక్ట్రానిక్స్‌కు. సన్నటి నైలాన్ ట్రిమ్మర్ వైరు మెల్లగా దించి చూడాలి, ఇనుప తీగ పెడితే గొట్టం చిరుగుతుంది. ఎడమ ఫ్యాన్‌కు అసలు కనెక్టర్ కూడా ఆర్డర్ పెట్టాం, వచ్చాక ఈ క్రింప్ తీసేసి అదే వేయాలి.