బోను కన్నా ముందు చీపురు

ఇంట్లో ఎలుక కనబడగానే బోను, బొద్దింక కనబడగానే జిగురు అట్ట తెచ్చి పెట్టడం దాదాపు అందరికీ అలవాటే. తెల్లవారేసరికి అందులో ఒకటి చిక్కితే పని అయిపోయిందన్న తృప్తి కూడా కలుగుతుంది. నాకు మాత్రం ఆ తృప్తి మీద నమ్మకం లేదు. చిక్కింది ఎన్నింటిలో ఒకటో మనకు తెలియదు. పైగా ఆ ఇల్లు ఎన్నింటిని పోషించగలదన్న లెక్క, ఒకటి చచ్చినంత మాత్రాన మారదు.

1940లలో అమెరికాలోని బాల్టిమోర్ నగరంలో జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయానికి చెందిన డేవిడ్ డేవిస్, ఆయన సహచరులు వీధుల్లోని ఎలుకల మీద జరిపిన పరిశోధనలు ఈ లెక్కనే బయటపెట్టాయి. ఎలుకలను పెద్ద ఎత్తున చంపినా, తిండీ దాగే చోటూ యథాతథంగా ఉన్నంతకాలం, మిగిలినవి పిల్లలను పెట్టి మళ్లీ పాత సంఖ్యకు చేరుకునేవి. చెత్తను తొలగించి పరిసరాలను బాగుచేసిన చోట మాత్రం సంఖ్య తగ్గేది. ఇళ్లలో తిరిగే చిట్టెలుక మూడు వారాలు మోసి ఒక్కో ఈతలో సాధారణంగా ఐదారు పిల్లలను పెడుతుందనీ, ఆ పిల్లలు రెండు నెలలు నిండకముందే ఈతకు వస్తాయనీ గుర్తుంచుకుంటే, బోనుకూ దానికీ మధ్య పందెంలో ఎవరు గెలుస్తారో ఊహించడం కష్టం కాదు.

అయితే శుభ్రత అనగానే మనకు తోచేది మెరిసే నేల. పురుగులకు నేల మెరుపుతో పని లేదు. వాటికి కావలసినవి తిండి, నీరు, దాగడానికి చోటు. ఈ మూడూ సాధారణంగా మన చూపు పడని చోటే ఉంటాయి. చిట్టెలుకకు రోజుకు సుమారు మూడు గ్రాముల తిండి చాలు, అంటే డబ్బా మూత తీసేటప్పుడు గట్టు వెనక్కి జారిన గింజలతోనే దానికి పూట గడిచిపోతుంది. ఇళ్లలో ఎక్కువగా కనిపించే జర్మన్ బొద్దింకకు తిండి కన్నా నీరు ముఖ్యం. నీరు దొరికితే అది తిండి లేకుండా వారాల తరబడి బతుకుతుంది, రెండూ కరువైతే మాత్రం సుమారు రెండు వారాలకు మించి నిలవలేదు. అందువల్ల రాత్రి పడుకోబోయే ముందు అంట్లు కడగడంతో ఆగకుండా, సింకును పొడిగుడ్డతో తుడిచి, తడి స్పాంజిని పిండి ఆరవేసి, కారే కుళాయికి వాషరు మార్పించడం ఎన్ని జిగురు అట్టల కన్నా అయినా మేలని నా అభిప్రాయం.

ఒకసారి ఫ్రిజ్‌ను ముందుకు జరిపి వెనక్కి వంగి చూడండి. కంప్రెసర్ వేడి, దాని పక్కనే నీరు చేరే చిన్న పళ్లెం, ఆ పళ్లెం అంచున జిడ్డుతో ముద్దకట్టిన దుమ్ము, కింద ఎప్పుడో దొర్లిపోయిన తిండి తునకలు కనిపిస్తాయి. వెచ్చదనం, తేమ, ఆహారం, చీకటి ఒకేచోట దొరికే ఇంత మంచి వసతిని బొద్దింకకు మనమే కట్టి ఇచ్చాం. స్టవ్ అడుగుభాగం, చెత్తబుట్టలో సంచి మడత కింద దాగే అంచు కూడా ఇలాంటివే. చెత్తబుట్టలో సంచి మార్చేవారు చాలామంది ఉంటారు కానీ బుట్టను కడిగేవారు తక్కువ.

వెచ్చని వాతావరణంలో ఈగ గుడ్డు నుంచి రెక్కలదాకా రావడానికి వారం, పది రోజులు పడుతుంది కాబట్టి తడిచెత్త అంతకాలం ఇంట్లో నిలవకుండా చూస్తే చాలు. స్నానాల గదిలో గోడలకు అంటుకుని కనిపించే చిన్న బూజురంగు ఈగల సంగతి వేరు. వాటి పిల్లపురుగులు తూము లోపలి గోడలకు పట్టిన జిగట పొరలో పెరుగుతాయి. మరిగే నీళ్లు పోసినా ఆ పొర చాలావరకు అలాగే ఉండిపోతుంది కాబట్టి, పొడవాటి బ్రష్షు పెట్టి దాన్ని గీకి తీయవలసిందే.

చీమలు బారుగా నడిచేది వాసన జాడను పట్టుకుని. కనిపించిన వాటిని చంపితే పోయేది పుట్టలోని కొద్దిపాటి కూలీలే, రాణి లోపల క్షేమంగా ఉంటుంది. అవి చేరుతున్న తీపి మరకను తీసేసి, వచ్చిన దారిని సబ్బునీళ్లతో తుడిస్తే జాడ చెదిరిపోతుంది. ఫారో చీమ వంటి జాతుల మీద మందు చల్లితే పుట్ట ముక్కలై నాలుగు చోట్లకు పాకే ప్రమాదమూ ఉంది.

దాగే చోట్లలో నేను అన్నిటికన్నా ఎక్కువ అనుమానించేది అట్టపెట్టెలను. ఎప్పటికైనా పనికొస్తాయని అటక మీద దాచే ఆ పెట్టెల ముడతల సందులు, ఒంటిని రెండువైపులా ఆనించుకుని ఇరుకున ఒదగడానికి ఇష్టపడే బొద్దింకలకు కొలిచి చేసినట్టు ఉంటాయి. ఇక చిట్టెలుక సుమారు ఆరు మిల్లీమీటర్ల సందులోంచి, అంటే పెన్సిల్ పట్టే రంధ్రంలోంచి కూడా దూరిపోగలదు. పైపులు గోడలోకి వెళ్లే చోట ఉక్కుపీచు కుక్కి సిమెంటుతో పూడ్చడం కూడా శుభ్రతలో భాగమేనని నేను అంటాను.

బోనులూ ఎరలూ అసలు పనికిరావని నా వాదన కాదు. చుట్టూ జిడ్డూ తునకలూ పరచి ఉంచి మధ్యలో ఎర పెడితే దాన్ని ఎందుకు తినాలి? పెద్ద ఎలుకలకు కొత్త వస్తువంటే అనుమానం, కొన్ని రోజులపాటు దాని దగ్గరికే రావు. ఎరలోని గ్లూకోజును అసహ్యించుకుని వదిలేసే జర్మన్ బొద్దింకలు ఉన్నట్టు 1993లోనే శాస్త్రవేత్తలు ప్రకటించారు. జిగురు అట్టకు నేనిచ్చే పని ఒక్కటే: ఏ మూల పెట్టిన అట్టకు ఎక్కువ అంటుకున్నాయో చూస్తే, ఏ మూల శుభ్రం చేయాలో తెలుస్తుంది.

శుభ్రతకు లొంగనివీ ఉన్నాయి. నల్లికి కావలసింది మన రక్తం, మన తిండి కాదు. అది ప్రయాణపు సంచులతోనో పాత మంచంతోనో వస్తుంది, ఇంట్లో నల్లులున్నంత మాత్రాన ఆ ఇల్లాలిని తప్పుపట్టడం అన్యాయం. చెదలు కోరేది చెక్కనూ తేమనూ. ముక్కుపురుగు గింజకు రంధ్రం చేసి లోపలే గుడ్డు పెట్టి మూసేస్తుంది కాబట్టి, డబ్బా ఎంత కడిగినా కొత్తగా పోసిన గింజలతోనే అది లోపలికి వస్తుంది. అలాంటి గింజలను డబ్బాలో పోసే ముందు వారం రోజులు డీప్ ఫ్రీజర్‌లో ఉంచడం మేలు.