బీచ్‌లో దిగే బండికి ఏ గాలి పంపు కొనాలి?

కంప్రెసర్ కొనబోయేవాళ్లు ముందు అడిగేది ‘ఎన్ని పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) కొడుతుంది’ అనే. పెట్టె మీద 150 అని పెద్దగా ఉంటే చాలు, బిల్లు కట్టేస్తారు. కావలిలో ఉండే మా బావమరిదీ అంతే, ‘150 ఉంది బావా, లారీ టైరుకి కూడా సరిపోద్ది’ అని ఫోన్‌లో ఒకటే సంబరం. సామీ, నీ థార్‌కి కావాల్సింది 32! సాయంత్రం దాకా కొట్టే ఓపికుంటే సైకిల్ పంపుతో కూడా 32 ఎక్కుతుంది. చూడాల్సింది నిమిషానికి ఎన్ని లీటర్ల గాలి ఇస్తుంది, మన ఎండలో ఎంతసేపు ఆగకుండా పనిచేస్తుంది, ఈ రెండే.

లెక్క పెద్ద కష్టం కాదు. థార్ లాంటి బండికి వేసే 245/75 ఆర్16 సైజు టైరు లోపల సుమారు 70 లీటర్ల చోటు ఉంటుంది. తుమ్మలపెంట దగ్గరో మైపాడు దగ్గరో మెత్తటి ఇసుకలో దిగాలంటే టైరు కూరుకుపోకుండా గాలి 15 దాకా దించుతాం, మళ్లీ 32కి తేవాలంటే టైరుకి 80 లీటర్లు, నాలుగింటికీ కలిపి 320 పైచిలుకు లీటర్లు బయటి గాలి లోపలికి తొయ్యాలి. నిమిషానికి 30 లీటర్లు ఇచ్చే పంపు అయితే కాగితం మీద 11 నిమిషాలు. కానీ ఆ 30 అనేది ఎదురు ఒత్తిడి లేనప్పటి మాట, టైరులో గాలి పెరిగేకొద్దీ పంపు ఇచ్చేది తగ్గిపోతుంది, పైగా చిన్న పంపులు చాలావరకు పది పదిహేను నిమిషాలు తిరిగితే కాసేపు ఆపి చల్లారనివ్వాలి. రోహిణి కార్తెలో సరుగుడు తోపు పక్కన నిలబడి మూడో టైరు కొడుతుంటే సిలిండర్ తల మీద వేలు పెట్టలేం. లోపల థర్మల్ కటాఫ్ (వేడి మీరితే మోటారుని ఆపేసే స్విచ్) ఉన్నదైతే టక్కున ఆగిపోతుంది, లేనిదైతే కాలిన వాసన వస్తుంది.

పోనీ అలాగే మెల్లగా నెల్లూరు దాకా పోదాం, బంకులో కొట్టించుకుందాం అంటారు కొందరు. 15 పీఎస్ఐతో తారు రోడ్డు మీద పోతే టైరు పక్క గోడలు ప్రతి చుట్టుకీ వంగి వేడెక్కుతాయి, కింద రోడ్డు ఎలాగూ కాలిపోతుంటుంది. ఊళ్లో పంక్చర్ షాపు వచ్చేదాకా నిదానంగా అంటే సరే, హైవే ఎక్కి స్పీడు అందుకుంటే మాత్రం టైరు పగిలినా ఆశ్చర్యం లేదు.

విదేశీ వీడియోలు చూసినవాళ్లు సీఓ2 (కార్బన్ డయాక్సైడ్) సిలిండర్ గురించి అడుగుతుంటారు. నిజానికి అది గొప్ప సరుకే. చప్పుడు లేదు, బ్యాటరీతో పని లేదు, ఒక్కో టైరు నిమిషం లోపే నిండుతుంది. కిలో సీఓ2 విడిస్తే 500 లీటర్లకు పైగా గ్యాస్ వస్తుంది కాబట్టి నాలుగున్నర కిలోల సిలిండర్‌తో నాలుగు టైర్లూ ఏడుసార్లు నింపొచ్చు. చిక్కల్లా మన ఎండతోనే. సీఓ2 సిలిండర్‌లో ద్రవంగా ఉండగలిగేది 31 డిగ్రీల దాకానే. 20 డిగ్రీల దగ్గర 57 బార్ (ఒక బార్ అంటే సుమారు 14.5 పీఎస్ఐ) ఉండే ఒత్తిడి 31 దాటాక ఇంకా వేగంగా పెరుగుతుంది. ఒంగోల్లో మే నెల మధ్యాహ్నం అద్దాలు మూసి నిలబెట్టిన కారు లోపల ఎంత వేడి ఉంటుందో చెప్పక్కర్లేదు. ఒత్తిడి హద్దు మీరితే సేఫ్టీ డిస్క్ చిరిగి గ్యాస్ మొత్తం బయటికొస్తుంది, సిలిండర్ పేలకుండా కాపాడేది అదే. కానీ మూసిన కారులో మనుషులుంటే ఊపిరాడదు. ఇంకో సంగతి, సిలిండర్ నిలువుగా నిలబెట్టే వాడాలి, పడుకోబెడితే ద్రవమే గొట్టంలోకి వచ్చేస్తుంది. 2016 గ్యాస్ సిలిండర్ల నిబంధనల ప్రకారం పెసో (పేలుడు పదార్థాల భద్రత చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ) ఆమోదం ఉన్న సిలిండరే కొనాలి, గడువు ప్రకారం టెస్టింగ్ చేయించాలి. అగ్నిమాపక సిలిండర్లు నింపేవాళ్ల దగ్గర రీఫిల్ కోసం తిరగడం వేరే పని. కొండ ప్రాంతాల్లో చల్లగా ఉండేవాళ్లకి ఓకే, మన కోస్తాలో నేనైతే డిక్కీలో పెట్టుకోను.

గాలి నింపి పట్టుకుపోయే చిన్న ట్యాంకుల సంగతి ఒక్క ముక్కలో తేల్చేయొచ్చు. 6 లీటర్ల ట్యాంకులో 8 బార్ నింపినా టైరుకి ఇవ్వగలిగేది 35 లీటర్లు, అంటే ఒక్క టైరుకి సగం కూడా రాదు. ఛార్జింగ్ పెట్టుకునే చేతి పంపులు కూడా నాలుగు టైర్లకి నమ్ముకునేవి కావు, స్కూటరుకీ స్టెప్నీకీ బాగుంటాయి.

ఇక మిగిలేది బానెట్ ఎత్తి బ్యాటరీకి క్లిప్పులు తగిలించే 12 వోల్టుల కంప్రెసర్, నిమిషానికి 70 లీటర్లు లేదా ఆ పైన ఇచ్చేది. సిగరెట్ లైటర్ సాకెట్‌కి పెట్టేది వద్దు, ఆ సాకెట్‌కి చాలా బళ్లలో 15 లేదా 20 ఆంపుల ఫ్యూజు ఉంటుంది, అంతకు మించి లాగితే పోయేది ఫ్యూజే. 70 లీటర్ల పంపు 30 ఆంపుల దాకా కూడా లాగుతుంది, అందుకే ఇంజిన్ ఆన్‌లో పెట్టి కొట్టాలి. జిమ్నీ టైరు చిన్నది కాబట్టి ఆ బండివాళ్లు 50 లీటర్లదైనా సర్దుకోవచ్చు.

షాపులో పెట్టె విప్పించి గొట్టం పొడుగు చూడండి. బ్యాటరీ ముందుంటుంది, వెనక టైరు వాల్వు దాకా గొట్టం అందకపోతే బండిని తిప్పి పెట్టినా లాభం లేదు. వాల్వుకి మర తిప్పి బిగించే తల కంటే నొక్కి పెట్టే లివరు తల మేలు, మర విప్పేటప్పుడు బుస్సుమని కొంత గాలి పోతుంది. పంపు మీదున్న గేజు నడిచేటప్పుడు ఎక్కువ చూపిస్తుంది, ఆపి చూడాలి, విడిగా ఒక మంచి గేజు కొనుక్కుంటే ఇంకా మంచిది. పంపుని నేరుగా ఇసుక మీద పెట్టొద్దు, కాళ్ల దగ్గర ఉండే మ్యాట్ తీసి దాని మీద పెట్టండి, గాలి పీల్చే ఫిల్టరులోకి ఇసుక పోయిందంటే పిస్టన్ రింగులు అరిగిపోతాయి. ఇంటికొచ్చాక ఇత్తడి తలల మీద ఉప్పు చెమ్మ ఒక గుడ్డతో తుడవండి. (జనవరి నుంచి మార్చి దాకా మన తీరంలో తాబేళ్లు గుడ్లు పెడతాయి, ఆ నెలల్లో పొడి ఇసుక మీద బండి తిప్పకండి సామీ.)

ఇవన్నీ ఉండీ పంపు మొరాయిస్తే లారీలు తిరిగే రోడ్డెక్కి నిలబడండి. రొయ్యల మేత తెచ్చే లారీల్లో ఎయిర్ బ్రేకుల ట్యాంకులో గాలి ఎప్పుడూ ఉంటుంది, చాలామంది డ్రైవర్లు దానికి తగిలించుకునే గొట్టం కూడా పెట్టుకుంటారు. ‘అన్నా, రొంత గాలి’ అంటే కాదనేవాళ్లు తక్కువ, టీ డబ్బులు మాత్రం మర్చిపోవద్దు.