తుపాకుల ప్రైవేటు అమ్మకాలు, అధ్యక్షుడి అధికారానికి హద్దులు

అమెరికాలో పెద్ద ఎత్తున కాల్పులు జరిగిన ప్రతిసారీ, తుపాకీ కొనే ప్రతి ఒక్కరి నేపథ్యాన్నీ తనిఖీ చేయాలని అధ్యక్షుడే ఒక ఉత్తర్వు ఇవ్వవచ్చు కదా అని చాలామంది అడుగుతారు. ఆ తనిఖీ నుంచి ఎవరికీ మినహాయింపు ఉండకూడదని నేను గట్టిగా నమ్ముతాను. అయినా అది ఉత్తర్వుతో అయ్యే పని కాదు.

1968 నాటి తుపాకుల నియంత్రణ చట్టం ప్రకారం వాటితో వ్యాపారం చేసేవారు ఫెడరల్ లైసెన్సు తీసుకోవాలి. 1993లో వచ్చిన బ్రాడీ చట్టం తనిఖీ బాధ్యతను ఆ లైసెన్సు ఉన్న డీలర్ల మీదే పెట్టింది. ఎఫ్‌బీఐ నడిపే తనిఖీ వ్యవస్థ 1998లో మొదలైంది. వ్యాపారి కానివాడు తన సొంత తుపాకీని అదే రాష్ట్రంలో ఉండే మరొకరికి అమ్ముకుంటే ఫెడరల్ చట్టం అతణ్ణి ఏ తనిఖీ చేయమనీ అడగదు. కొనేవాడికి తుపాకీ కలిగి ఉండే అర్హత లేదని తెలిసి అమ్మడం నేరమే గానీ, తెలుసుకుని తీరాలన్న నిబంధన లేదు. కాలిఫోర్నియా వంటి కొన్ని రాష్ట్రాలు తమ సొంత చట్టాలతో ఈ లోటును పూడ్చుకున్నాయి.

2019లో టెక్సాస్‌లోని మిడ్‌ల్యాండ్, ఒడెస్సా ప్రాంతంలో ఏడుగురిని కాల్చి చంపిన వ్యక్తికి అంతకు అయిదేళ్ల ముందే తనిఖీలో తుపాకీ నిరాకరించారు. ఆ తరువాత అతను ఒక ప్రైవేటు అమ్మకందారు దగ్గర రైఫిల్ కొన్నాడు. ఆ అమ్మకందారుకు లైసెన్సు లేకుండా తుపాకుల వ్యాపారం చేసినందుకు శిక్ష పడింది. అంటే ఎవరు వ్యాపారి, ఎవరు కాదు అన్న గీత ఎక్కడ పడుతుందన్నది ప్రాణాలకు సంబంధించిన విషయం. అధ్యక్షుడి అధికారం పనిచేసేది ఆ గీతను వివరించడంలోనే, కొత్త గీత గీయడంలో కాదు.

2012లో కనెక్టికట్ రాష్ట్రంలోని శాండీ హుక్ పాఠశాలలో జరిగిన కాల్పుల్లో 20 మంది పిల్లలు, ఆరుగురు పెద్దలు చనిపోయాక, 2013 ఏప్రిల్‌లో తనిఖీలను విస్తరించే సవరణకు ఎగువ సభ సెనేట్‌లో 54 ఓట్లే వచ్చాయి. 60 కావలసి ఉండగా అది వీగిపోయింది. 2016 జనవరిలో ఒబామా చేసిన ప్రకటన ఆ ఓటమి తరువాత మిగిలిన దారి. వ్యాపారం అంటే ఏమిటో అది వివరించిందే తప్ప, కొత్త బాధ్యతను సృష్టించలేదు. 2022లో అమెరికా పార్లమెంటు అయిన కాంగ్రెసే చట్టాన్ని మార్చి, జీవనోపాధి కోసం కాకపోయినా ప్రధానంగా లాభం కోసం అమ్మేవారిని వ్యాపారుల కిందికి తెచ్చింది. దాని ఆధారంగా బైడెన్ ప్రభుత్వం 2024లో తెచ్చిన నియమాన్ని టెక్సాస్‌తో పాటు మరికొన్ని రాష్ట్రాల్లో అమలు కాకుండా కోర్టు ఆపింది. ఇటువంటి నియమాలన్నిటినీ సమీక్షించమని 2025 ఫిబ్రవరిలో ట్రంప్ ఆదేశించారు. ఒక అధ్యక్షుడు సంతకంతో చేసినదాన్ని తరువాతివాడు సంతకంతోనే తిరగదోడగలడు.

అధ్యక్షుడికి నిస్సందేహంగా ఉన్న అధికారం మరొకటి ఉంది, దాని గురించి తక్కువగా మాట్లాడుకుంటాం. 2017లో టెక్సాస్‌లోని సదర్లాండ్ స్ప్రింగ్స్ చర్చిలో కాల్పులు జరిపిన వ్యక్తికి వైమానిక దళంలో ఉండగా గృహహింస కేసులో శిక్ష పడింది. ఆ వివరం ఎఫ్‌బీఐకి చేరనందువల్ల అతను తనిఖీలు దాటి, డీలర్ల దగ్గరే తుపాకులు కొన్నాడు. సైన్యం, ఫెడరల్ శాఖలు తమ రికార్డులను సకాలంలో పంపేలా చూడటానికి ఏ అధ్యక్షుడికీ కాంగ్రెస్ అనుమతి అక్కరలేదు, తుపాకీ హక్కును సమర్థించేవారికి కూడా దీనిపై అభ్యంతరం ఉండనవసరం లేదు. తనిఖీ ఎంత విస్తృతమైనా, అందులోకి చేరని పేరును అది పట్టుకోలేదు.

ప్రైవేటు అమ్మకం విషయం మాత్రం కాంగ్రెస్ చేతిలోనే ఉంది. దాదాపు అన్ని అమ్మకాలకూ తనిఖీని తప్పనిసరి చేసే బిల్లును ప్రతినిధుల సభ 2019లో ఒకసారి, 2021లో మరోసారి ఆమోదించింది. రెండుసార్లూ అది సెనేట్‌ను దాటలేదు. వైట్‌హౌస్ ముందు నిలబడి ఉత్తర్వు కోసం అడిగేవారు అదే పట్టుదలతో తమ సెనేటర్ల కార్యాలయాలకు కూడా వెళ్లాలని కోరుకుంటున్నాను.