రోహిణి కార్తెలో కోడి సాసేజ్

మా అబ్బాయి రెండేళ్ళు జర్మనీలో న్యూరెంబర్గ్ పక్కన చదువుకుని వేసవి సెలవులకి ఇంటికొచ్చాడు. మొదటి వారం గోంగూర మటన్, రొయ్యల ఇగురు, ముద్దపప్పు, ఆవకాయ అని వరసగా చేయించుకున్నాడు. రెండో వారం మొదలయ్యేసరికి సాసేజ్ మీద గాలి మళ్ళింది. ఆ ఊరి సాసేజ్ మన చూపుడు వేలంతే ఉంటుందట. పొడవు ఏడు నుంచి తొమ్మిది సెంటీమీటర్లు, బరువు 20, 25 గ్రాములు. పెనం మీదో నిప్పుల మీదో కాల్చి, చిన్న రొట్టెలో మూడేసి పెట్టి ఇస్తారట. చేసేది మాత్రం పంది మాంసంతో.

పడక్కుర్చీలో ఉన్న మా అత్తయ్య చెవిన ఆ మాట పడనే పడింది. "నువ్వక్కడ ఏం తిన్నావో నేనడగను నాయనా. ఈ గడప లోపలికి మాత్రం అది రాదు" అంది. వాడు నా మొహం చూశాడు. కోడితో చేస్తే పోలా అన్నాను. ముప్ఫై ఏళ్ళుగా ఈ బ్రాడీపేట ఇంట్లో ఏటా జాడీలకి జాడీలు ఆవకాయ పెడుతున్న చెయ్యి, ఒక సాసేజ్‌కి లొంగుతుందా అని నా ధీమా.

లొంగింది. మంచి ముక్క కదా అని స్కిన్‌లెస్, బోన్‌లెస్, అంతా చెస్ట్ పీసే తెచ్చాను. మిక్సీలో వేసి, ఉప్పూ మిరియాలూ కలిపి, వేళ్ళలా చుట్టి పెనం మీద వేయించాను. పైన ఎర్రగా బాగానే కాలాయి. నోట్లో పెట్టుకుంటే పాలు పిండేసిన కొబ్బరి పిప్పి నమిలినట్టుంది. మా వాడు మర్యాదగా రెండు తిని నీళ్ళు తాగాడు.

తప్పు కోడిది కాదు, నేను తెచ్చిన ముక్కది. పంది సాసేజ్‌లో నాలుగో వంతో, ఇంకాస్త ఎక్కువో కొవ్వే ఉంటుంది. ఆ మెత్తదనమంతా దానిదే. చెస్ట్ పీస్‌లో కొవ్వు నూటికి రెండు మూడు గ్రాములుంటే ఎక్కువ. పందిని మానేసినవాళ్ళం, అది తెచ్చే కొవ్వుని ఇంకోచోటి నుంచి తెచ్చుకోవాలి. కోడికి అది తోలులో ఉంది. మర్నాడు చికెన్ కొట్టుకెళ్ళి కిలో లెగ్ బోన్‌లెస్ కొట్టించి, "తమ్ముడూ, ఒక పావుకిలో స్కిన్ కూడా ఇవ్వు" అన్నాను. "కుక్కకా అమ్మా?" అన్నాడు. అవునన్నాను. డబ్బులు తీసుకోలేదు.

ఈసారి దెబ్బ ఎండది. రోహిణి కార్తెకి రోళ్ళు పగులుతాయంటారు, కోడి కొవ్వు ఒక లెక్కా! పంది కొవ్వు కాస్త గట్టిది. కోడి కొవ్వు చేతి వేడికే జారిపోతుంది. నేను మాంసం, తోలు కలిపి మిక్సీలో గిర్రున తిప్పేశాను. మధ్యలో పావుగంట కరెంటు పోయింది. మిక్సీ జారు పట్టుకుంటే వెచ్చగా ఉంది, లోపలంతా ఏదో లేపనంలా తయారైంది. వండితే కొవ్వంతా నూనెగా గిన్నెలోకి దిగిపోయి, లోపల మళ్ళీ పిప్పే మిగిలింది.

మూడోసారికి కొంచెం చదివి, కొంచెం అబ్బాయి చేత చదివించి మొదలుపెట్టాను. ముక్కలూ తోలూ చిన్నవిగా కోసి, పళ్ళెంలో పల్చగా పరిచి, ఫ్రీజర్‌లో ముప్పావుగంట పెట్టాను. అంచులు గట్టిపడి మధ్యలో ఇంకా మెత్తగా ఉండాలి. మిక్సీ జారు, బ్లేడు కూడా ఫ్రీజర్‌లోకే. తర్వాత గుప్పెడేసి మాత్రమే వేసి, మీట ఎడమవైపుకి తిప్పి వదిలేస్తూ ఆరేడు సార్లు. ముక్క నలగాలి కానీ ముద్ద కాకూడదు. ఒక వాయి అవగానే దాన్ని మళ్ళీ ఫ్రిజ్‌లోకి నెట్టి రెండోది. గంటన్నర పట్టింది. వంటింటి ఫ్యాన్ కింద పెట్టి చేద్దామనుకునేవాళ్ళు ఆ ఆశ వదులుకోండి.

కిలోంపావుకి 22 గ్రాముల ఉప్పు. కంటితో వేసే అలవాటు నాది, అయినా దీనికి మాత్రం తూచాను. ఉప్పు ఇక్కడ రుచికే కాదు, మాంసంలోని ప్రొటీన్‌ని బయటికి లాగి జిగురు పుట్టించేది అదే. ఆ జిగురే కొవ్వునీ నీళ్ళనీ పట్టి ఉంచుతుంది. అరగ్లాసు ఐసు నీళ్ళు పోస్తూ ఐదారు నిమిషాలు గట్టిగా పిసికాను. వేళ్ళు కొంకర్లు పోయాయి. ముద్ద తీసి అరచేతికి అద్ది చెయ్యి బోర్లిస్తే కింద పడకుండా అంటుకుని ఉండాలి. మొదటి రెండుసార్లూ నాకు ఈ సంగతే తెలీదు.

మసాలా దగ్గర ఒక తమాషా జరిగింది. ఆ ఊరి సాసేజ్‌లో మిరియాలతో పాటు మార్జోరం అనే ఆకు పడుతుందట. ఆన్‌లైన్‌లో సీసా తెప్పిద్దామని బొమ్మ చూస్తున్నాం. అత్తయ్య కళ్ళజోడు సవరించుకుని, "ఇది మరువం కదే" అంది. నిజంగా మరువమే! మల్లెపూల దండలో పచ్చగా వేసి కడతారే, అదే. డాబా మీద మా కుండీలో పెరిగేది. పూల బజారులో కొన్నదైతే ఏ మందు కొట్టారో తెలీదు కాబట్టి వాడేదాన్ని కాదు. రెండు పెద్ద చెంచాల ఆకు సన్నగా తరిగి, చెంచాడు మిరియాల పొడి, కాస్త జాజికాయ, ఒక జాపత్రి రేకు పొడి కలిపాను. "జడలో పెట్టుకునేది కోడిలో వేస్తావా!" అని అత్తయ్య బుగ్గలు నొక్కుకుంది. పచ్చి చికెన్ నోట్లో పెట్టి చూడకూడదు గనక ఉసిరికాయంత ముద్ద పెనం మీద కాల్చి రుచి చూశాం. మా వాడు నమలకుండానే, వాసనకే తలూపాడు.

ఇక తొడుగు. అసలు న్యూరెంబర్గ్ సాసేజ్‌ని కూడా గొర్రె పేగులోనే కూరతారట, కాబట్టి ఇందులో మనమేమీ తగ్గలేదు. మటన్ కొట్టు భాయ్‌ని పొట్టేలు సన్న పేగులు అడిగితే, బోటీ కూరకనుకుని ముక్కలు కొట్టబోయాడు. ఆపి, తెగకుండా బారలుగా తీయించాను. కుళాయికి పట్టి లోపల నీళ్ళు పారించి, స్టీలు పళ్ళెం వెనక్కి తిప్పి దానిమీద పరిచి, చెంచా వెనకవైపుతో గీకుతూ పోవాలి. బూడిద రంగు జిగురంతా ఊడి వచ్చేస్తుంది. చివరికి మిగిలేది తడిసిన ఉల్లిపొర లాంటిది, అవతలున్న వేలు కనపడేంత పల్చన. కొంచెం గట్టిగా నొక్కితే చిరుగుతుంది, మెల్లగా గీకితే జిగురు మిగిలి వాసనొస్తుంది. నాలుగు బారలు బాగుచేయడానికి మధ్యాహ్నం నిద్ర పోయింది. మిగిలినవి రాతి ఉప్పులో పొర్లించి డబ్బాలో పెట్టాను, వాడే ముందు నానబెట్టి కడుక్కుంటే చాలు.

కూరడానికి ముందు జంతికల గొట్టం ప్రయత్నించాను. చికెన్ జంతికలొచ్చాయి. తర్వాత నూనె పోసే గరాటు తీసి, దాని కాడకి పేగుని మేజోడులా ఎక్కించి, పప్పుగుత్తి కాడతో లోపలికి తోశాం. అబ్బాయి తోస్తుంటే నేను పట్టుకున్నాను. బిగించి నింపితే మెలి తిప్పేటప్పుడు పగులుతుంది, అందుకని కాస్త వదులుగానే. గాలి బుడగ కనపడ్డ చోటల్లా సూదితో ఒక పోటు.

ఉడికించేటప్పుడు కూడా తొందర పనికిరాదు. కళపెళ మరిగే నీళ్ళలో వేసిన మొదటి నాలుగూ బోండాల్లా పగిలిపోయాయి. నీళ్ళు పొగలు కక్కాలి, మరగకూడదు, అంటే 75, 80 డిగ్రీల మధ్య. మా అబ్బాయి దగ్గరున్న సూది థర్మామీటరు గుచ్చి చూస్తే లోపల 74 డిగ్రీలు రావాలి. కోడి మాంసానికి అంతకి తగ్గితే ఒప్పుకోకూడదు. వెంటనే ఐసు నీళ్ళలో వేసి, తుడిచి, ఆ రాత్రి ఫ్రిజ్‌లో మూత లేకుండా ఆరబెట్టాను. పొద్దున కాస్త నూనె రాసి పెనం మీద దొర్లిస్తే తొడుగు పటుక్కుమంది, లోపల తడి తడిగా ఉంది.

ఇంత బాగా కుదిరాక మా వాడు పొగబెడదామన్నాడు. వద్దన్నాను. దానికి వేరే నైట్రైట్ కలిపిన ఉప్పు కావాలి, కొలత తప్పితే ప్రమాదం. అది లేకుండా పొగబెడితే బొట్యులిజం అని ఒక విషజబ్బు రావచ్చు, ఆ పేరు పుట్టిందే లాటిన్‌లో సాసేజ్ అనే మాట నుంచి. మా సరుకు రెండు రోజులు ఫ్రిజ్‌లో, అంతకు మించితే ఫ్రీజర్‌లో, అంతే.

అత్తయ్య ఆ మధ్యాహ్నం పప్పన్నంలోకి ఒకటి నంజుకుంది. రెండోది అడగలేదు కానీ, సాయంత్రం డాబా మీద మరువం కుండీకి నీళ్ళు పోస్తూ కనపడింది. ఉప్పులో వేసిన పేగుల డబ్బా మాత్రం ఫ్రిజ్‌లో చల్ల మిరపకాయల పక్కన పెట్టొద్దంది, ఒకసారి పొరపాటున మూత తీసిందట.