పంటకాలువ మీద తాటిపట్టెలు

రావులపాలెంలో బస్సు దిగేసరికి మా బావ బండి మీద రెడీగా ఉన్నాడు. "నడక వంతెనలు చూడ్డానికి హైదరాబాదు నుంచి వచ్చినోణ్ణి నిన్నే చూశాన్రా" అని నవ్వి, ముందు పెసరట్టు పెట్టించాడు.

కొత్తపేట మీదుగా పి. గన్నవరం చేరాం. కింద వైనతేయ గోదావరి, దాని మీంచి కాలువ. 1850ల నాటి పాత అక్విడెక్టుకి 40 అడుగుల కమానులు 49. లెక్కపెడదామని మొదలెట్టి ముప్పై దగ్గర తప్పాను. పక్కనే కొత్త అక్విడెక్టు, డొక్కా సీతమ్మ గారి పేరుతో. ఆకలన్నవాళ్లందరికీ అన్నం పెట్టిన ఆవిడ పేరు, పొలాలకి నీళ్లు మోసే కట్టడానికి భలే కుదిరింది.

అసలు నేను వచ్చింది చిన్నవాటి కోసం. పెద్ద కాలువ మీద ఒక సిమెంటు నడక వంతెన కనిపించింది. ఇటు మెట్లు, అటు మెట్లు, నడుమ ఒంటె మూపురంలా లేచి ఉంది. ధవళేశ్వరం ఆనకట్ట వచ్చాక ఈ కాలువల్లో సాగునీటితో పాటు సరుకుల పడవలూ నడిచాయి. పడవ తగలకూడదని వంతెనని అంత ఎత్తున కట్టేవారు. ఇప్పుడు పడవలు లేవు, మెట్లున్నాయి. ఒకాయన సైకిలు భుజాన వేసుకుని ఎక్కుతుంటే చూస్తున్న నాకే ఆయాసం వచ్చింది.

అక్కడి నుంచి కొబ్బరితోటలో పడి వెళ్తే పంటకాలువ మీద తాటిపట్టెలు. తాటిచెట్టుకి చేవంతా పైపొరలోనే, లోపలంతా మెత్తన. అందుకే మానుని నిలువునా చీల్చి, చేవ వైపు పైకి వచ్చేలా రెండు పట్టెలు పక్కపక్కన పరిచారు. కాలు జారకుండా గొడ్డలితో అడ్డంగా గాట్లు. పట్టుకోడానికి ఒక్క పక్కనే వెదురు, కొబ్బరితాడుతో కట్టి.

బావా నేనూ ఒకరి వెనక ఒకరం ఎక్కామో లేదో పట్టెలు పైకీ కిందకీ ఊగడం మొదలెట్టాయి. అవతల గడ్డిమోపుతో నిలబడ్డ పెద్దావిడ అరిచింది: "అడుగులు కలపకండి బాబూ, ఊగుద్ది!"

లండన్‌లో 2000లో మిలీనియం నడక వంతెనని తెరిచిన రెండు రోజులకే మూసేశారు. అది పక్కలకి ఊగింది. తూలకుండా ఉండాలని జనం దాని ఊపుకి తగ్గట్టు అడుగులు వేశారు, దాంతో ఇంకా ఊగింది. ఊపుని అణిచే డ్యాంపర్లు బిగించి 2002లో గానీ మళ్లీ తెరవలేదు. మాకు డ్యాంపరు ఆ పెద్దావిడే. బావ ఆగాడు, నేను దాటాక వచ్చాడు.

"రెండో పక్క కూడా వెదురు కట్టొచ్చుగా అమ్మా?" అన్నాను.

"కడితే మోపు ఎలా పట్టుద్దండి?" అంటూ వెదురు ముట్టుకోకుండానే దాటేసింది.

తిరిగొచ్చేటప్పుడు నేను చెప్పులు ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో ఆ వెదురు వదలకుండా దాటాను.