ఐదో అరలోంచి మొదటి అరకు

పొద్దున్న లేవగానే రోజూలాగే కార్డుల పెట్టె ముందేసుకుని కూర్చున్నాను. అందులో ఐదు అరలున్నాయి. కొత్తగా రాసుకున్న ఇంగ్లీషు మాట మొదటి అరలో చేరుతుంది. దాని అర్థం తడుముకోకుండా చెప్పగలిగితే రెండో అరకు, మళ్లీ చెప్పగలిగితే మూడో అరకు వెళుతుంది. ఎక్కడ తప్పినా తిన్నగా మొదటి అరకే తిరిగి వస్తుంది. మొదటి అరను రోజూ తిరగేస్తాను, చివరిదాన్ని నెలకోసారి చూస్తాను. సెబాస్టియన్ లైట్నర్ అనే రచయిత 1972లో వివరించిన పద్ధతి ఇది. దీనికి మూలమైన గమనిక మాత్రం ఇంకా పాతది. జర్మన్ మనస్తత్వ శాస్త్రవేత్త హెర్మన్ ఎబింగ్‌హౌస్ అర్థంలేని అక్షరాల ముక్కలను తానే కంఠస్థం చేసి, ఎంతసేపటికి ఎంత మరచిపోతున్నాడో కొలుచుకుని, మరుపు మొదటి గంటల్లోనే ఎక్కువగా ఉండి ఆ తర్వాత నెమ్మదిస్తుందని 1885లో ప్రకటించాడు. అరలు మారేకొద్దీ గడువు పెరగడం అందుకే.

ఈ ఉదయం ఐదో అర వంతు వచ్చింది. ‘మిటిగేట్’ అన్న కార్డు చేతికి తగలగానే ‘తీవ్రత తగ్గించడం’ అని చెప్పేసి, కార్డు తిప్పి సరిచూసుకోవాల్సిన అవసరం కూడా లేదనుకుని, పక్కన పెట్టేశాను.

మధ్యాహ్నం కార్యాలయంలో ఒక నివేదిక రాస్తూ, తరచూ జరుగుతున్న జాప్యాలు మా ప్రణాళికకు అడ్డుపడుతున్నాయని చెప్పవలసి వచ్చింది. మామూలు మాటలతో చెప్పేస్తే సరిపోయేది. కానీ నేర్చుకున్నది చూపించుకోవాలన్న తహతహ ఒకటి ఉంటుంది కదా, ‘మిటిగేట్ అగైన్‌స్ట్’ అని ఎంతో నిబ్బరంగా రాశాను. నాకంటే అనుభవంలో పెద్దావిడ అది చదివి, ఆ మాట కింద పెన్సిలుతో సన్నగా గీత గీసి, “మీరు రాయాలనుకున్నది ఇది కాదేమో, ఒకసారి చూడండి” అన్నారు. ఆవిడ అంత మెల్లగా చెప్పబట్టి గానీ, పొద్దున్నే పరీక్ష నెగ్గిన మాట దగ్గరే పట్టుబడినందుకు నాకు తల కొట్టేసినట్టయింది.

నిఘంటువు తెరిచాను. నేను రాయవలసినది ‘మిలిటేట్’. ఒక విషయానికి ప్రతికూలంగా పనిచేయడం దాని అర్థం, వెనకాలే ‘అగైన్‌స్ట్’ కూడా వస్తుంది. ‘మిటిగేట్’కు ఆ తోక అక్కర్లేదు, నష్టాన్నో ప్రమాదాన్నో ప్రభావాన్నో నేరుగా పట్టుకుని దాని తీవ్రతను తగ్గిస్తుంది. రెండూ లాటిన్ నుంచి వచ్చినవే. ఒకదానికి మెత్తదనాన్ని తెలిపే ‘మీటిస్’ మూలం, రెండోదానికి సైనికుడని అర్థమిచ్చే ‘మీలెస్’ మూలం. మనం రోజూ వాడే మిలిటరీ కూడా ఆ ఇంటిదే. మెత్తబరిచేవాడినీ కత్తి దూసేవాడినీ ఒకే మనిషి అనుకున్నానన్నమాట. ఇంగ్లీషు మాతృభాషగా ఉన్నవాళ్లు సైతం ఈ రెంటినీ కలిపేస్తుంటారని అక్కడే చదివి కాస్త ఊరట పొందాను. అది పెద్ద గొప్ప సంగతేమీ కాకపోయినా ఆ క్షణంలో అవసరపడింది.

తప్పు కార్డులోనే ఉందని సాయంత్రం తిరిగి వస్తూ అనుకున్నాను. మాట కనబడితే అర్థం చెప్పగలనా అన్నదే ఆ కార్డు నన్ను అడుగుతూ వచ్చింది గానీ, ఆ మాట ఎవరితో కలిసి నడుస్తుంది, ఎక్కడికి రానంటుంది అని ఏనాడూ అడగలేదు. చదివితే బోధపడే మాటలు వేరు, రాయడానికి చేతికి వచ్చే మాటలు వేరు. నేనేమో రెంటికీ ఒకే లెక్క రాసుకుంటున్నాను. కథలూ పత్రికలూ సాయం లేకుండా చదువుకోవాలంటే ఎనిమిది తొమ్మిది వేల పదకుటుంబాలు (ఒక మూలమాటా దాని రూపాలూ కలిస్తే ఒక కుటుంబం) తెలియాలని భాషాశాస్త్రవేత్త పాల్ నేషన్ 2006లో అంచనా కట్టాడు. చదివేదానిలో నూటికి తొంభై ఎనిమిది మాటలు తెలిస్తేనే చదువు సాఫీగా సాగుతుందన్నది ఆ లెక్కకు ఆధారం. ఆ అంకె చదివిన నాటి నుంచి నేను మాటలను పోగుచేస్తూనే వచ్చాను. అది చదవడానికి కావలసిన సంఖ్య అన్న విషయాన్ని మాత్రం తీరిగ్గా మరచిపోయాను.

మన భాషలో అయితే ఈ పొరపాటు చేయం. కన్నుమూశారు, మరణించారు, పరమపదించారు, చచ్చాడు అన్నవి నాలుగూ ఒకే సంఘటనను చెబుతాయని ఏ నిఘంటువైనా అంటుంది గానీ, వాటిలో ఏది ఎవరి గురించి ఏ చోట అనాలో మనకు ఎవరూ పట్టిక వేసి నేర్పలేదు. అచ్చతెలుగు మాటకూ సంస్కృత పదానికీ మధ్య ఉన్న ఎడం కూడా అలాగే చెవికి పట్టింది. ఇంగ్లీషులోనూ అటువంటి అంతస్తులున్నాయి. ‘ఆస్క్’ ఆ భాషలో పుట్టిపెరిగినది. 1066లో నార్మన్లు ఇంగ్లండును గెలుచుకున్నాక ఫ్రెంచి మాటలు వెల్లువెత్తాయి, ‘క్వశ్చన్’ ఆ దారిన వచ్చింది. ‘ఇంటరాగేట్’ నేరుగా లాటిన్ నుంచి చేరింది. మూడింటికీ అడగడమనే అర్థం రాసుకున్న అభ్యాసకుడు, ఆలస్యం ఎందుకైందని స్నేహితుణ్ణి ‘ఇంటరాగేట్’ చేశానని రాస్తే, పాపం ఆ స్నేహితుడు పోలీసుల ఎదుట కూర్చున్నట్టే ఉంటుంది. పెద్ద మాటల మీద మోజు మనకు ఎక్కువే. ‘టాలరేట్’ సులువుగా పట్టుబడుతుంది గానీ, అదే అర్థంలో వాళ్లు రోజూ అనే ‘పుట్ అప్ విత్’ నోటికి రాదు. మూడు చిన్న మాటలు కలిసి ఓర్చుకోవడమెలా అయ్యాయో ఎంత విడదీసి చూసినా అంతుపట్టదు మరి. ఇక పుస్తకంలోనే పరిచయమైన మాటల ఉచ్చారణ ఇంకో తంటా. ‘ఇపిటమీ’ని నేను చాలా ఏళ్లు ‘ఎపిటోమ్’ అనే చదువుకున్నాను.

రాత్రి పాత కార్డు చింపేశాను. కొత్తదాని ముందువైపు మాట రాయకుండా, వరద నష్టాన్ని తగ్గించేందుకు తీసుకున్న చర్యల గురించి ఒక ఇంగ్లీషు వాక్యం రాసి, మాట ఉండవలసిన చోట ఖాళీ వదిలి, మొదటి అక్షరం మాత్రం ఇచ్చాను. వెనకవైపు ఆ మాటతో తరచూ కనబడే రిస్క్, ఇంపాక్ట్, డ్యామేజ్ అన్న మూడింటినీ రాసి, ‘అగైన్‌స్ట్’ రాసి కొట్టేశాను. ఐదో అరలో మిగిలినవాటిని కూడా ఇలా మార్చబోయి పదకొండు కార్డులకే ఆగిపోయాను. వాటిలో నాలుగింటికి అర్థం గడగడా చెప్పగలిగి కూడా ఒక్క సహజమైన వాక్యం కట్టలేకపోయాను. ఆ నాలుగూ ‘మిటిగేట్’ వెంట మొదటి అరలోకి దిగాయి.

‘మిలిటేట్’కు కూడా కార్డు రాశాను గానీ పెట్టెలో వేయలేదు. ఒకేలా వినబడే మాటలను ఒకేసారి నేర్చుకోబోతే ఒకదాని మీద ఒకటి పడి రెండూ చెడతాయి, మధ్యాహ్నం జరిగిందీ అదే. ‘మిటిగేట్’ మూడో అర చేరేదాకా అది బల్ల సొరుగులోనే ఉంటుంది.