ళెక్కల మాస్టారు

మన బడి బ్యాచ్ మళ్ళీ కలిసే రోజుకి వేస్తున్న సంచికకి ఒక పేజీ రాయమని కమిటీ వాళ్ళు అడిగితే ఆ బళ్ళో మూడేళ్ళ గురించీ రాద్దామనే కూర్చున్నాను. మెట్ల కింద గది దగ్గరే ఆగిపోయాను. ఉసిరిచెట్టు పంచాయితీ, వార్షికోత్సవం గొడవ మిగతావాళ్ళు ఎలాగూ రాస్తారు.

2010లో నేను ఎనిమిదిలో చేరినప్పుడు, మంగళవారం, శుక్రవారం, నాలాంటి చూపులేని పిల్లలకి విడిగా నేర్పే రిసోర్స్ మేడం నన్ను క్లాసులోంచి ఆ గదికి తీసుకెళ్ళేవారు. బ్రెయిలీ బాగా పట్టుబడింది. కానీ ఆ రెండు రోజులూ లెక్కల పీరియడ్ పోయేది. మిగతా రోజుల్లో సుద్దముక్క చప్పుడు మాత్రం వినేవాణ్ణి. "ఇది అటు పోతే అది ఇంతవుతుంది" అంటే ఏది ఎటు పోయిందో నాకెలా తెలుస్తుంది? అంతకుముందు చదివిన బడిలో లెక్కలు నీకొద్దులే అని పక్కన కూర్చోబెట్టారు. ఇక్కడా అంతేనేమోనని లోపల ఒకటే టెన్షన్.

ఒక శుక్రవారం లెక్కల మాస్టారు, "పిల్లాణ్ణి తీసుకెళ్ళకండి మేడం, మీరే లోపలికి రండి" అన్నారు. మేడం వచ్చి వెనక బెంచీలో కూర్చున్నారు. పీరియడ్ అయ్యాక ఒకే మాట చెప్పారు: "రాసేది పైకి చదవండి సార్." మర్నాటి నుంచి ఆయన ప్రతి గుర్తూ గొంతెత్తి చదువుతూ రాశారు. దాంతో బాగుపడింది నేనొక్కణ్ణే కాదు, కిటికీ బ్యాచ్ మొత్తం. ఒప్పుకోండి.

అప్పట్నుంచి శుక్రవారం బడి వదిలాక ఇద్దరూ మెట్ల మీద కూర్చునేవారు. వచ్చేవారం ఏ పాఠమో, అందులో ఏ పటాలున్నాయో మాస్టారు చెప్పేవారు. మంగళవారానికి మేడం అట్ట మీద పురికొస అంటించి త్రిభుజాలు, వృత్తాలు తెచ్చేవారు. పైథాగరస్ సిద్ధాంతాన్ని నేను వేళ్ళతో చూశాను. మూడు భుజాల మీదా చొక్కా గుండీలు అంటించిన చతురస్రాలు. తొమ్మిది, పదహారు, ఇరవై ఐదు. రెండుసార్లు లెక్కపెట్టుకున్నాను. నా చదువు నిలబడింది ఆ మెట్ల మీద అరగంట వల్లే. ఇద్దరూ ఎంత మంచివాళ్ళయినా, ఎవరి గదిలో వాళ్ళుంటే నాకు లెక్కలు వచ్చేవి కావు.

చూపులేనివాళ్ళు తడిమి లెక్కలు చేసుకునే పలక, టేలర్ ఫ్రేమ్‌ని, మాస్టారు నాతోపాటే నేర్చుకున్నారు. ఎనిమిది మూలల గుంటలో పుల్లని ఎటు తిప్పితే ఏ అంకో నాకంటే ముందు ఆయనకే వచ్చేసింది. బ్రెయిలీయే కాస్త ఏడిపించింది. 'ల'కి గడిలో ఎడమవైపు మూడు చుక్కలు, 'ళ'కి కుడివైపు మూడు. కాగితం తిప్పి చదువుతాం కాబట్టి పొడిచేటప్పుడు కుడివైపు పొడవాలి. ఆయన ఎడమవైపే పొడిచారు. నేను తడిమి "ళ" అన్నాను. తర్వాత ఆయన 'ళెక్కల మాస్టారు' ఎలా అయ్యారో మీకు తెలిసిందే. కానీ ఏడాది తిరిగేసరికి నా యూనిట్ టెస్ట్ పేపర్లు మేడం చదివిపెట్టకుండా ఆయనే దిద్దారు.

2013లో పబ్లిక్ పరీక్షలకి తొమ్మిదో తరగతి పిల్లాడు నాకు స్క్రైబ్, అంటే నేను చెప్పింది రాసిపెట్టేవాడు. పటాన్ని మాటల్లో ఎలా చెప్పాలో నాకు మాస్టారూ, విన్నది విన్నట్టు ఎలా రాయాలో వాడికి మేడమూ నెలరోజులు నేర్పారు.

ఇప్పుడు బ్యాంకులో పంట రుణాలు చూస్తున్నాను. తెర మీద ఉన్నదంతా ఎన్‌వీడీఏ అనే సాఫ్ట్‌వేర్ పైకి చదువుతుంది. కొత్తగా చేరినవాళ్ళకి వడ్డీ లెక్కలు నేర్పే పని మా బ్రాంచిలో నాదే.

కలిసే రోజు ఆ టేలర్ ఫ్రేమ్ తెస్తున్నాను. అందులో ఒక పుల్ల లేదు. అది ఎవరి దగ్గరుందో మనందరికీ తెలుసు. తెచ్చివ్వండి.